ప్లేయర్ మైదానంలో కుప్పకూలినప్పుడు జనం చేసే మేలు, చేసే కీడు: ఒక గ్రౌండ్ డాక్టర్ సమాధానం

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. లైవ్‌లో మ్యాచ్ చూస్తుంటే ఒక ప్లేయర్ ఉన్నట్టుండి కుప్పకూలాడు. పది నిమిషాలు తిరక్కుండానే "పోయాడట", "డ్రగ్స్ అట", "వ్యాక్సిన్ వల్లేనట" అంటూ మీ ఫోన్ నిండిపోయింది. ఆ కంగారులో మీరూ ఒక వీడియో నలుగురికి పంపారు. ఇప్పుడు మనసు పీకుతోంది. జనం ఎందుకిలా చేస్తారు, మన స్పందన వల్ల ఆ మనిషికి మేలా కీడా, అలాంటప్పుడు మనం ఏం చేయాలి?

సూటిగా చెప్తాను. మేలూ ఉంది, కీడూ ఉంది. అతని కోసం బాధపడటం మేలు చేస్తుంది. అతనికి ఏమైందో మనమే తేల్చేయడం కీడు చేస్తుంది. ఆందోళన పడండి, ప్రార్థించండి, "కోలుకోవాలి" అని రాయండి. కారణం మాత్రం చెప్పొద్దు, వీడియో పంపొద్దు, చనిపోయాడన్న మాట అసలే పంపొద్దు. ఎందుకో వివరంగా చెప్తాను, కాస్త పొడుగే అవుతుంది.

నేను స్పోర్ట్స్ మెడిసిన్ డాక్టర్‌ని. 18 ఏళ్లుగా ఫుట్‌బాల్, క్రికెట్ మ్యాచ్‌లకు గ్రౌండ్ డాక్టర్‌గా లైన్ పక్కన కూర్చుంటున్నాను. ఇన్నేళ్లలో నా కళ్ల ముందు గుండె ఆగిపోయిన ప్లేయర్లు ముగ్గురు. ఇద్దరు బతికారు.

ఆ ఇద్దరిలో ఒకడి సంగతి ముందు చెప్పాలి. 22 ఏళ్ల మిడ్‌ఫీల్డర్. రెండో హాఫ్‌లో, బంతి ఎక్కడో అవతలి మూలన ఉండగా, నడుస్తూ నడుస్తూ ముందుకు పడిపోయాడు. పడేటప్పుడు చేతులు అడ్డం పెట్టుకోలేదు. మా పనిలో అది చాలా చెడ్డ సూచన. కాలు తగిలి పడేవాడైనా, నొప్పితో కూలబడేవాడైనా చేతులు ముందుకు చాపుతాడు. చాపలేదంటే నేలని తాకకముందే స్పృహ పోయిందన్నమాట. అందుకే రిఫరీ పిలిచేదాకా ఆగకుండా పరిగెత్తాం. జెర్సీ కత్తిరించి, చెమట తుడిచి, గుండెకి షాక్ ఇచ్చే ప్యాడ్లు అంటించాం. రెండో షాక్‌కి పల్స్ దొరికింది.

అంబులెన్స్‌లోకి ఎక్కిస్తుంటే ఎవరో అతని కిట్ బ్యాగ్ కూడా లోపల పడేశారు. దారి పొడుగునా ఆ బ్యాగ్‌లో ఫోన్ వణుకుతూనే ఉంది. సైడ్ జేబులోంచి స్క్రీన్ సగం కనిపిస్తోంది. "అమ్మ" అని ఉంది. నా రెండు చేతులూ ఆక్సిజన్ మాస్క్ మీదే ఉన్నాయి, ఎత్తలేను. ఆగుతుంది, మళ్లీ మొదలవుతుంది. ఆసుపత్రికి చేరి, అతన్ని ఐసీయూ వాళ్లకి అప్పగించాక నేనే ఎత్తాను. ఆవిడ నోట వచ్చిన మొదటి మాట: "బాడీని ఎక్కడికి తీసుకొస్తున్నారు సార్?"

అప్పటికి వాడి గుండె కొట్టుకుంటోంది. కానీ అరగంట ముందే ఎవరో వాడి ఫోటోకి దండ వేసి పెట్టారు. అది చుట్టాల గ్రూపుల్లోంచి తిరిగి తిరిగి ఇంటికి చేరింది. "బతికే ఉన్నాడమ్మా" అంటే నమ్మలేదు, ఓదార్చడానికి అబద్ధం చెప్తున్నాననుకుంది. చివరికి ఫోన్ పట్టుకుని లోపలికెళ్లి మానిటర్ శబ్దం వినిపించాను. ఆ పోస్ట్ పెట్టినవాడు చెడ్డవాడని నేను అనుకోను. పాపం, బాధతోనే పెట్టి ఉంటాడు. కానీ ఆ అరగంట ఆవిడ పడిన నరకాన్ని ఎవరు వెనక్కి తీసుకోగలరు?

జనం ఎందుకిలా చేస్తారన్నారు. దుర్మార్గం వల్ల కాదు. ఆట చూసేవాడికి ప్రతి బంతికీ కామెంటరీ, ప్రతి నిమిషానికీ రీప్లే, స్కోరు అలవాటు. మనిషి పడిపోగానే అవన్నీ ఒక్కసారిగా ఆగిపోతాయి. కామెంటేటర్ గొంతు తగ్గుతుంది, కెమెరా స్టాండ్స్ వైపు తిరుగుతుంది. ఆ నిశ్శబ్దం భరించడం చాలా కష్టం. ఎవరో ఒకరు ఏదో ఒకటి చెప్తే బాగుండనిపిస్తుంది. చెప్పేవాడు లేకపోతే మనమే చెప్పేస్తాం. పైగా మనకంటే వయసులో చిన్నవాడు, మనకంటే వంద రెట్లు ఫిట్‌గా ఉన్నవాడు అలా పడిపోతే "మరి నా సంగతేంటి" అన్న భయం లోపల మొదలవుతుంది. ఒక కారణం దొరికితే ఆ భయం చల్లారుతుంది. వాడు ఫలానాది తీసుకున్నాడు, నేను తీసుకోలేదు, కాబట్టి నాకేం కాదు. పుకార్లకి బలం అక్కడి నుంచే వస్తుంది.

ఇంతకీ టీవీలో చూసి ఏమైందో చెప్పగలమా? చెప్పలేం. నేనూ చెప్పలేను. మూర్ఛ కావచ్చు, వడదెబ్బ కావచ్చు, తలకి దెబ్బ కావచ్చు, బీపీ పడిపోయి ఉండొచ్చు, గుండె లయ తప్పి ఉండొచ్చు. పైకి ఒకదానికొకటి చాలా దగ్గరగా ఉంటాయి. గుండె ఆగిపోయిన మనిషికి కూడా కొన్ని సెకన్లు కాళ్లూ చేతులూ కొట్టుకుంటాయి. చూసేవాళ్లు ఫిట్స్ అనుకుంటారు. గురక పెట్టినట్టు, చేప నోరు తెరిచినట్టు అప్పుడప్పుడూ ఒక ఎగశ్వాస వస్తుంది. చూసేవాళ్లు ఊపిరి ఆడుతోందనుకుంటారు. అది ఊపిరి కాదు. కళ్లు తెరిచే ఉండొచ్చు. "కళ్లు తెరిచాడు, ఏం ఫర్వాలేదు" అని రాసేవాళ్లు, "కదలడం లేదు, అయిపోయింది" అని రాసేవాళ్లు, ఇద్దరూ చీకట్లో రాయి వేస్తున్నట్టే.

ఇంకో గందరగోళం ఉంది. ఎవరు పడిపోయినా అందరూ "హార్ట్ ఎటాక్" అనేస్తారు. హార్ట్ ఎటాక్ అంటే గుండెకి రక్తం తెచ్చే గొట్టం మూసుకుపోవడం. మనిషి చాలాసార్లు స్పృహలోనే ఉంటాడు, ఛాతీ పట్టుకుంటాడు, మాట్లాడతాడు. కార్డియాక్ అరెస్ట్ వేరు. గుండెలోని కరెంటు గాడి తప్పి, కొట్టుకోవాల్సిన గుండె వణుకుతూ ఉండిపోతుంది. మనిషి క్షణాల్లో స్పృహ తప్పుతాడు. మొదటిది రెండోదానికి దారితీయొచ్చు, కానీ రెండూ ఒకటి కావు. బంగ్లాదేశ్ మాజీ కెప్టెన్ తమీమ్ ఇక్బాల్‌కి 2025 మార్చిలో ఢాకా లీగ్ మ్యాచ్ రోజున వచ్చింది హార్ట్ ఎటాక్, స్టెంట్ వేశారు. 35 దాటిన క్రీడాకారుల్లో ఎక్కువగా ఈ రక్తనాళాల జబ్బే కారణం. అంతకంటే చిన్నవాళ్లలో పుట్టుకతో వచ్చిన లోపాలు, గుండె కండరం మందంగా పెరగడం, కరెంటు వ్యవస్థలో తేడాలు ఎక్కువ. 2003 జూన్ 26న లియాన్‌లో కాన్ఫెడరేషన్స్ కప్ సెమీఫైనల్లో కామెరూన్ ఆటగాడు మార్క్ వివియన్ ఫోయే పక్కన ఎవరూ లేకుండానే కూలిపోయి చనిపోయాడు. అతని గుండె కండరం మందంగా ఉందని తర్వాత బయటపడింది. అప్పటికి కరోనా లేదు, ఆ వ్యాక్సిన్లూ లేవు.

వ్యాక్సిన్ మాట ఎందుకెత్తానంటే, ఈ మధ్య ఎవరు పడిపోయినా మొదట వచ్చేది అదే. 2021 జూన్ 12న కోపెన్‌హాగన్‌లో యూరో మ్యాచ్‌లో డెన్మార్క్ ఆటగాడు క్రిస్టియన్ ఎరిక్సెన్ త్రో-ఇన్ అందుకోబోతూ పడిపోయాడు. అతను హాస్పిటల్ బెడ్ మీద ఉండగానే వ్యాక్సిన్ వల్లే అని ప్రచారం మొదలైంది. అతను అప్పటికి వ్యాక్సిన్ వేయించుకోనే లేదని అప్పట్లో అతను ఆడుతున్న ఇంటర్ మిలాన్ క్లబ్ డైరెక్టర్ చెప్పాల్సి వచ్చింది. 2023 జనవరి 2న అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు డమార్ హామ్లిన్ సిన్సినాటిలో ఒక టాకిల్ (బంతితో పరిగెత్తేవాడిని ఢీకొట్టి ఆపడం) తర్వాత లేచి నిలబడి, మళ్లీ వెనక్కి పడిపోయాడు. అప్పుడూ అదే పాట. చివరికి తేలింది కమోషియో కార్డిస్. అంటే గుండె రెండు కొట్టుకోవడాల మధ్య సెకనులో కొన్ని వందో వంతుల పాటు ఉండే ఒక బలహీన క్షణంలో, సరిగ్గా ఛాతీ మీద దెబ్బ తగిలి లయ తప్పడం. అంత అరుదు. హామ్లిన్ స్వయంగా ఈ మాట చెప్పింది ఏప్రిల్‌లో. నిపుణులందరూ పరీక్షలన్నీ చేసి నిర్ధారించి, ఆ మాట బయటికి రావడానికి మూడు నెలలు పట్టింది. జనానికి మూడు నిమిషాలు కూడా పట్టలేదు. హామ్లిన్ కోలుకుని ఆ జనవరిలోనే స్టేడియానికి వస్తే, అది అతను కాదు, అతనిలాంటి మనిషిని పెట్టారని కూడా ప్రచారం చేశారు. బతికి వచ్చినవాడు తానే తానని నిరూపించుకోవాలా?

నా రెండో కేసులో పుకారు డ్రగ్స్. వాడు బతికాడు. పుట్టుకతో వచ్చిన లోపమని మూడు వారాల తర్వాత తేలింది. క్లబ్ రెండు లైన్ల ప్రకటన ఇచ్చింది, అది ఎవరూ చదవలేదు. రెండేళ్ల తర్వాత కూడా వాడి చెల్లెలి పెళ్లిచూపుల్లో "మీ అన్నయ్యకి ఆ అలవాటు ఉందట కదా" అని అడిగారు. ఇది వాడే నాకు చెప్పాడు. చెప్తూ నవ్వడానికి ప్రయత్నించాడు, నవ్వలేకపోయాడు.

ఇక వీడియోల గురించి. మైదానంలో మనిషి బట్టలు కత్తిరించి, ఛాతీ మీద బలంగా నొక్కుతుంటే ఆ దృశ్యం చాలా దారుణంగా ఉంటుంది. సీపీఆర్ సున్నితమైన పని కాదు. అయిదారు సెంటీమీటర్ల లోతుకి, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలి. పక్కటెముకలు విరగొచ్చు. నా చేతి కింద విరిగిన శబ్దం నాకు తెలుసు. ఆ స్థితిలో మీ అన్ననో తమ్ముడినో లక్షల మంది చూస్తున్నారంటే మీకెలా ఉంటుంది? ఎరిక్సెన్ పడినప్పుడు డెన్మార్క్ ఆటగాళ్లు అతని చుట్టూ వలయంగా, అతనికి వీపు చేసి నిలబడ్డారు. కెప్టెన్ సైమన్ కియార్ ముందు అతని దగ్గరికి పరిగెత్తాడు, ఆ తర్వాత మైదానంలోకి వచ్చేసిన ఎరిక్సెన్ జీవిత భాగస్వామిని పట్టుకుని ఓదార్చాడు. ఆ గోడ ఎందుకు కట్టారో చూసినవాళ్లందరికీ అర్థమైంది. అయినా ప్రసారం సాగింది, విమర్శలు వచ్చాక బీబీసీ క్షమాపణ చెప్పింది. మీరు ఫార్వర్డ్ చేసిన వీడియో ఆ గోడలో ఒక కంత లాంటిది. మిమ్మల్ని నొప్పించాలని అనడం లేదు. అడిగారు కాబట్టి ఉన్నదున్నట్టు చెప్తున్నాను.

జనం పట్టించుకోని మనిషి ఇంకొకరు ఉంటారు. అవతలి ఆటగాడు. 2014 నవంబర్ 25న సిడ్నీలో ఆస్ట్రేలియా బ్యాటర్ ఫిలిప్ హ్యూస్ మెడకి బౌన్సర్ తగిలింది, రెండు రోజుల తర్వాత చనిపోయాడు. ఆ బంతి వేసిన షాన్ అబాట్ వయసు అప్పటికి 22 ఏళ్లు. అతను చేసింది రోజూ ప్రతి ఫాస్ట్ బౌలర్ చేసేదే. అదృష్టం కొద్దీ క్రికెట్ ప్రపంచంలో చాలామంది అబాట్ పక్కన నిలబడ్డారు. కొద్ది రోజులకే అదే మైదానంలో అతను మళ్లీ బంతి పట్టుకోగలిగాడు. హామ్లిన్ విషయంలో అంత సాఫీగా సాగలేదు. అతనితో ఢీకొన్న అవతలి టీమ్ ఆటగాడు టీ హిగ్గిన్స్‌ని కొందరు తప్పుపట్టారు, హామ్లిన్ కుటుంబమే అతనికి అండగా మాట్లాడింది. అలాంటి సమయంలో డ్రెస్సింగ్ రూమ్ మూలన తువ్వాలు కప్పుకుని కూర్చున్న అవతలి టీమ్ కుర్రాడి దగ్గర కూర్చోవడం కూడా నా పనే. ఒకసారి అలాంటి ఒకడికి బూట్ల లేసులు విప్పడానికి కూడా చేతులు రాలేదు, నేనే విప్పాను. వాడి ఫోన్ తీసి టీమ్ మేనేజర్‌కి ఇచ్చేశాను. అప్పటికే "హంతకుడు" అన్న మెసేజ్‌లు మొదలయ్యాయి.

మరి మేలు? చాలా ఉంది, అది కూడా చెప్పకపోతే అన్యాయం. కోపెన్‌హాగన్‌లో ఆ సాయంత్రం ఫిన్లాండ్ అభిమానులు "క్రిస్టియన్" అని అరిస్తే డెన్మార్క్ అభిమానులు "ఎరిక్సెన్" అని బదులిచ్చారు. స్టేడియం మొత్తం అలా రెండు గొంతులతో ఒకే మనిషిని పిలిచింది. సిన్సినాటిలో అవతలి టీమ్ అభిమానులు ఆసుపత్రి బయట కొవ్వొత్తులతో నిలబడ్డారు. హామ్లిన్ పిల్లల బొమ్మల కోసం ఎప్పుడో 2,500 డాలర్ల లక్ష్యంతో పెట్టిన విరాళాల పేజీకి 80 లక్షల డాలర్లకి పైగా వచ్చింది. హ్యూస్ కోసం ఊరూరా జనం తమ బ్యాట్లు తెచ్చి గుమ్మాల బయట నిలబెట్టారు. ఇవేవీ మందులు కావు. కానీ ఐసీయూ బయట కుర్చీల్లో కూర్చున్నవాళ్లకి ఇవి అందుతాయి. మా మిడ్‌ఫీల్డర్ వాళ్ల నాన్న, తెలియనివాళ్లు పంపిన నాలుగు మాటలు పదేపదే చదవడం నేను చూశాను. వాటిలో ఒక్కదాంట్లోనూ కారణం లేదు, సలహా లేదు.

ఆట ఆపేయాలా కొనసాగించాలా అన్న గొడవ కూడా ప్రతిసారీ వస్తుంది. నా అభిప్రాయం ఒక్కటే: ఆపాలి. ఎరిక్సెన్ మ్యాచ్ అదే రాత్రి కొనసాగించారు, అది తప్పని డెన్మార్క్ కోచ్ తర్వాత అన్నాడు. హామ్లిన్ మ్యాచ్ ఆపేశారు, చివరికి రద్దే చేశారు. ఏం మునిగిపోలేదు. "డబ్బులిచ్చి టికెట్ కొన్నాం" అని అరిచే గొంతులు ఎప్పుడూ ఉంటాయి, వాటిని వినాల్సిన అవసరం లేదు.

అలాంటప్పుడు మీరు చేయాల్సింది రెండు రకాలు. టీవీ ముందు ఉంటే: క్లబ్ లేదా ఆసుపత్రి లేదా కుటుంబం చెప్పేదాకా ఏదీ నమ్మకండి, ఏదీ పంపకండి. మీ గ్రూపులో ఎవరైనా కారణం రాస్తే "ఇది ఎవరు చెప్పారు?" అని ఒక్క ప్రశ్న అడగండి. సగం మంది అక్కడే ఆగిపోతారు. వాదనకి దిగొద్దు.

స్టేడియంలోనే ఉంటే, లేక రేపు మీ ఎదుటే ఎవరైనా పడిపోతే: పిలిచినా పలకడం లేదు, ఊపిరి మామూలుగా లేదు అంటే గుండె ఆగిందనే అనుకుని ఛాతీ మధ్యలో నొక్కడం మొదలుపెట్టండి. ఒకరిని అంబులెన్స్‌కి ఫోన్ చేయమనండి, ఇంకొకరిని ఏఈడీ తెమ్మనండి. అంటే షాక్ ఇచ్చే పెట్టె. అది ఏం చేయాలో తానే మాటల్లో చెప్తుంది, షాక్ అవసరం లేకపోతే ఇవ్వదు. షాక్ ఆలస్యమైన ప్రతి నిమిషానికీ బతికే అవకాశం 7 నుంచి 10 శాతం తగ్గుతుంది, ఛాతీ నొక్కుతూ ఉంటే ఆ తగ్గుదల నెమ్మదిస్తుంది. 2012 మార్చి 17న లండన్‌లో టోటెన్‌హామ్‌తో మ్యాచ్‌లో బోల్టన్ ఆటగాడు ఫాబ్రిస్ ముయాంబా గుండె 78 నిమిషాలు సొంతంగా కొట్టుకోలేదు. అయినా అతను బతికాడంటే ఆ నొక్కడం ఆగకపోవడం వల్లే. ప్రేక్షకుల్లో ఉన్న ఒక కార్డియాలజిస్ట్ స్టాండ్ దిగి వచ్చి ఆ టీమ్‌తో చేయి కలిపాడు. అదే ముయాంబా మీద అదే రోజు జాత్యహంకారంతో ట్వీట్లు పెట్టిన ఒక విద్యార్థికి 56 రోజుల జైలు పడింది. ఇద్దరూ ఆ రోజు జనంలోని మనుషులే.

మీ వీడియో సంగతి: డిలీట్ చేయండి. పంపిన నలుగురికీ విడివిడిగా ఒక మాట రాయండి, "పంపకుండా ఉండాల్సింది, మీరూ తీసేయండి" అని. అంతకంటే పెద్ద ప్రాయశ్చిత్తం అక్కర్లేదు.

చివరగా మీరు అడిగారు, "అతనికి మెసేజ్ పెట్టొచ్చా, చదువుతాడా" అని. పెట్టండి. కానీ ఇప్పుడు కాదు. మొదటి వారం లక్షల మెసేజ్‌లు వస్తాయి, వాటిని చదివే స్థితిలో అతను ఉండడు. నాలుగో నెలలో ఎవరూ ఉండరు. ఛాతీలో ఐసీడీ, అంటే గుండె లయ తప్పితే లోపలి నుంచే షాక్ ఇచ్చే చిన్న యంత్రం, పెట్టి ఉంటుంది, మళ్లీ ఆడనిస్తారో లేదో తెలియదు, మెట్లు ఎక్కుతుంటే గుండె దడ అనిపించినా వణుకు పుడుతుంది. ఎరిక్సెన్‌కి ఐసీడీ ఉన్నందుకు ఇటలీ నిబంధనలు ఆడనివ్వలేదు, 2022 జనవరిలో ఇంగ్లండ్ క్లబ్ బ్రెంట్‌ఫర్డ్‌లో చేరాకే అతను మళ్లీ ఆడగలిగాడు. మా మిడ్‌ఫీల్డర్ మళ్లీ ఆడలేకపోయాడు. అయిదో నెలలో ఒకరోజు చెకప్‌కి వచ్చి ఫోన్ చూపించాడు. అవతలి టీమ్ అభిమాని ఎవరో రాశాడట: "అన్నా, ఆ రోజు నేను స్టాండ్స్‌లో ఉన్నా. ఇవాళ మ్యాచ్ చూస్తుంటే గుర్తొచ్చావు. తిన్నావా?" వాడు దానికి జవాబు ఏం రాయాలో నన్ను అడిగాడు. "తిన్నాను అని రాయి" అన్నాను. అక్కడే కూర్చుని రాశాడు.